మట్టిమిద్దె కింద రెండు నీటి జీవాలు

మా తమ్ముడు వాటిని తెచ్చింది శివరాత్రి దాటినాక. మోటారు సైకిలు ముందర టాంకు మీద ఒక నీళ్ల సంచి, దాని చుట్టూ తడిగుడ్డ. నేను గడపలో కూర్చుని చెనక్కాయలు ఒలుస్తున్నాను. "అక్కా, పక్కకు జరుగు, ఎండ తగలకూడదు" అంటూ నన్ను దాటుకుని లోపలికి పోయాడు. మంచినీళ్ల కుండ ఉండే మూలలో సంచి దింపి, అప్పుడు ఊపిరి వదిలాడు.

అందులో రెండున్నాయి. తెల్లనివి, జానెడు పొడవు, ఒకటి కొంచెం పెద్దది. చేప తోక, బల్లి కాళ్లు. మెడకు రెండు పక్కలా ఎర్రటి కుచ్చులు, జడకుచ్చుల మాదిరి. కళ్లకు రెప్పల్లేవు. నోరు మాత్రం చెవులదాకా సాగి ఉంది.

మా ఇంటాయన పోయినాక ఆ ఇంట్లో మా అత్తా నేనూ ఇద్దరమే. ఇల్లు ఆమెది. ఆమె వంగి చూసింది.

"ఏందప్పా ఇవి? చేపలా, బల్లులా?"

"రెండూ కాదత్తా. ఆక్సోలాటిల్ అంటారు. కప్పల జాతి. బెంగళూరులో తెచ్చినా."

"కప్పకు తోకేందిరా? ఎవడో నీకు అంటగట్టినాడు." ఇంకొంచెం వంగింది. "చూడుమే, నన్ను చూసి నగుతాండాది ముండది."

మా తమ్ముడిది అనంతపురంలో రంగు చేపల అంగడి. అంతకుముందు చెనక్కాయ పంట వేసేవాడు. వరసగా వానలు ముఖం చాటేసి, బోరు ఎండిపోయినాక, పిల్లనిచ్చిన మామ వదిలిన రేకుల కొట్టంలో గాజు తొట్లు పెట్టుకున్నాడు. ఆ రోజుల్లో ఉద్యోగాలవాళ్ల ఇళ్లల్లో టీవీ పక్కన చేపల తొట్టి ఉండాలని ఒక మోజు. చలికాలం బాగా సాగేది. ఎండాకాలం రేకులు కాలి, తొట్లలో నీళ్లు వెచ్చబడి చేపలు తేలిపోయేవి. ఈ జీవాలు కూడా మూడు తెచ్చాడట. ఒకటి రేకుల కింద తెచ్చిన మరునాడే పోయింది. ఇవి చేపలకంటే నాజూకు. నీళ్లు చేతికి చల్లగా తగిలితేనే బతుకుతాయి.

మాది మట్టిమిద్దె. మూరెడు మందం గోడలు, పైన దూలాలు, వెదురు దబ్బలు, వాటి మీద చౌడు మన్ను. మే నెలలో కూడా లోపలికి వస్తే ఒళ్లు చల్లబడుతుంది. అందుకే తెచ్చి నా ఇంట్లో పెట్టాడు.

"ఈ ఎండాకాలం గడిపించక్కా. ఇవి జోడీ. చలికాలంలో గుడ్లు పెడతాయి, పిల్లల్ని ఇవి అమ్మిన బెంగళూరు షావుకారే తీసుకుంటానన్నాడు. అంగడి నిలబడితాది. ఇవి పోతే మూసేసి బెంగళూరు పోతా. ఆడ వాచ్‌మన్ పని చూసిపెట్టినారు."

నాకు బిడ్డలు లేరు. పుట్టింటివైపు మిగిలింది వాడొక్కడు. వాడు పోతే నా గడప తొక్కే మనిషి ఉండడు. ఇంతకంటే చెప్పేదేమీ లేదు. సరే అన్నాను.

గాజు తొట్టి తెచ్చాడు. అడుగున గులకరాళ్లు వద్దన్నాడు, మింగి చస్తాయట. కడప బండ ముక్క ఒకటి పరిచాను. మంచినీళ్ల కుండ కింద ఇసుక పోసి తడుపుతాం కదా, అట్లాగే తొట్టి కింద ఇసుక పోసి, చుట్టూ గోనెపట్ట కట్టి, పొద్దునా మధ్యాహ్నం నీళ్లు చల్లేదాన్ని. మీద పలచటి తడిగుడ్డ. కరెంటు ఉన్నంతసేపు టేబుల్ ఫ్యాను దానిమీదికే తిప్పిపెట్టేవాళ్లం. గాలి మాకంటే వాటికే ఎక్కువ పోయింది.

కొళాయి నీళ్లలో బ్లీచింగు మందు వాసన. ఆ నీళ్లు రాగానే పొయ్యకూడదు. గచ్చు తొట్టిలో పట్టి, ఒక రోజంతా మూత లేకుండా పెట్టి, వాసన పోయినాక చెంబుతో మెల్లగా పోసేదాన్ని. అడుగున మురికి చేరితే రబ్బరు గొట్టంతో లాగి తీసేదాన్ని.

తిండి దగ్గర వచ్చింది చిక్కు. వాటికి ఎర్రలు, అంటే వానపాములు, కావాలి. మా నేలలో ఆ కాలాన ఎర్ర యాడుంటుంది? గడ్డపారతో కొడితే నిప్పులు వచ్చే నేల. బట్టలుతికే బండ వెనకాల పెంటదిబ్బ తవ్వితే సన్నటి ఎర్రటివి దొరికాయి. చీపురుపుల్లకు చుట్టి నోటి ముందర ఆడించాను. ఒకటి గబుక్కున లాక్కుంది, వెంటనే ఉమ్మేసింది. మళ్లీ పెట్టాను, మళ్లీ ఉమ్మింది.

"వగరు పుట్టిందేమోమే," అంది అత్త. "పెంటలో పుట్టినదాన్ని తినమంటే తింటాదా?"

ఆమె మాట నిజమే. తర్వాత తమ్ముడూ అదే చెప్పాడు, పేడలో పెరిగే ఎర్ర చేదుగా ఉంటుందట. మన్నులో పెరిగేది కావాలి. అప్పుడు పెరట్లో మునగచెట్టు మొదట్లో గుంత తీసి, ఎండుటాకులు వేసి, తడి గోనెపట్ట కప్పాను. తొట్టిలో తీసిన మురికి నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు అన్నీ దానిమీదే. కొన్నాళ్లకు గోనె ఎత్తితే లావుపాటి మట్టి ఎర్రలు కనిపించాయి. ఎక్కడినుంచి వచ్చాయో, ఎంత లోతులో దాక్కుని ఉండినాయో తెలియదు. తడి ఉంటే వస్తాయి. నీళ్లలో కడిగి, పెద్దదైతే తుంచి పెట్టేదాన్ని. ఎర్రలు దొరకని రోజు మేక కార్జం సన్నగా కోసి పెట్టేదాన్ని. తినకుండా వదిలిన ముక్క తీసెయ్యాలి, లేకపోతే నీళ్లు కంపు కొడతాయి.

పక్కింటామె గోడమీద నుంచి అడిగింది. "ఏమక్కా, జీవాలు సాకుతాండావంట? మేతకు యాడికి తోలుతావు?"

మా వైపు జీవాలంటే గొర్రెలు. "ఇంట్లోనే మేపుతాండా. నీ మాదిరి గోడలెక్కవులే అవి," అన్నాను.

ఒకసారి రెండు రోజులు తిండి సరిగా దొరకలేదు. పొద్దున చూస్తే చిన్నదానికి ముందరి కాలు లేదు. పెద్దది కొరికేసింది. ఇంక అది పోయినట్టేననుకున్నాను. చావలేదు. కాలు తెగిన చోట మొటిమలాగా లేచి, అది చిగురై, వేళ్లు విడిచి, ఉగాది తర్వాత కొన్నాళ్లకు పూర్తి కాలు వచ్చింది. అత్త రోజూ కుర్చీపీట వేసుకుని తొట్టి ముందర కూర్చుని దాన్నే చూసేది. ఎవరొచ్చినా పిలిచి చూపించేది. "చూడు, ఏలు మొలస్తాండాది." ఆ తర్వాత నుంచి ఆమె వాటిని ముండది అనడం మానేసింది.

ఎండ ముదిరిన నెలలో నల్లమాడలో మా పెద్దమ్మ దినానికి పోవాల్సి వచ్చింది. ఒక రాత్రి అక్కడే ఉన్నాను. కార్జం ముక్క తీయడం మరిచిపోతే నీళ్లు పాడవుతాయని అత్తకు చెప్పి పోయాను. ఆమె మరిచిపోలేదు. ముక్క తీసేసింది. అయినా నీళ్లు కంపు కొట్టినట్టు అనిపించి, మార్చాలనుకుంది. గచ్చు తొట్టి నీళ్లు ఆమెకు ఎప్పుడూ నచ్చలేదు. ఆ తొట్టిలో పాచి ఉందని, నోరులేని వాటికి ఆ నీళ్లు పొయ్యడం పాపమని నాతో చాలాసార్లు అంది. మరునాడు శుక్రవారమని చింతపండు పెట్టి తోమిన రాగి బిందె తళతళా మెరుస్తోంది. మా అత్త జీవితమంతా పొద్దున్నే తాగేది రాగి బిందెలో నిలిచిన నీళ్లే. ఆమె లెక్కకు ఇంట్లో మంచినీళ్లంటే అవే. సాయంత్రం పట్టిపెట్టి, తెల్లారి పాత నీళ్లు సగానికి పైగా తీసి, ఆ బిందె వంచింది.

నేను మధ్యాహ్నం బస్సుకు వచ్చేసరికి పెద్దది వెల్లకిలా తేలి ఉంది. ఒంటిమీద తెల్లటి జిగురు. చిన్నది పైకి లేచి గాలి మింగుతోంది, కుచ్చులు ముడుచుకుపోయినాయి. అత్త పక్కనే నిలబడి ఉంది.

"ఎండకు తాళలేకపోయినట్టుండాదిమే. చల్లటి నీళ్లు పోసినా, అయినా..."

నాకూ ఎండేననిపించింది. ఊళ్లో చిల్లరంగడి దగ్గరికి పోయి తమ్ముడికి ఫోను చేయించాను. వాడు వచ్చి తొట్టిలోకి చూశాడు. తర్వాత గది చుట్టూ చూశాడు. మూలలో రాగి బిందె మెరుస్తోంది.

"అత్తా, నీళ్లు దేంట్లోవి పోసినారు?"

"బిందెలోవే నాయనా. నేను తాగేటివే."

వాడు మట్టి బానలో గచ్చు తొట్టి నీళ్లు నింపి, చిన్నదాన్ని రెండు చేతులతో ఎత్తి అందులో వదిలాడు. అప్పుడు చెప్పాడు. "రాగి మనుషులకు మంచిదే అత్తా. వీటికి పడదు. నత్తల్ని చంపాలంటే మేము తొట్లల్లో ఏసేది రాగి మందే."

అత్త బిందెను చూసింది, వాణ్ని చూసింది. "మంచి నీళ్లు పోస్తే చస్తాయని నాకెవరు చెప్పినార్రా?" అని గట్టిగా అరిచింది. వాడు పెద్దదాన్ని గుడ్డలో చుట్టి మునగచెట్టు కింద పాతేసి పోయాడు.

చిన్నది చాలా రోజులు తిండి ముట్టలేదు. పుల్ల చూపిస్తే ముఖం తిప్పుకునేది. అత్త నాతోనూ సరిగా మాట్లాడలేదు. ఇద్దరం వంతులేసుకుని గోనె తడిపేవాళ్లం.

తొలకరి మబ్బులు లేచిన రోజు తమ్ముడు వచ్చాడు. మా ఇంటికి ఎప్పుడొచ్చినా వాడు మంచినీళ్లు తాగేవాడు, అన్నం తినేవాడు కాదు. అక్క అత్తగారింట్లో ఊరికే కూర్చుని తింటే మావైపు చులకన. ఆ రోజు మంచినీళ్లు కూడా వద్దన్నాడు.

"జోడీ ఇరిగిపాయ. షావుకారు ఇంకోటి అప్పుకు ఇయ్యనన్నాడు. వచ్చే సోమవారం బెంగళూరు పోతాండా అక్కా. అంగడి ఖాళీ చేయమని మామ చెప్పినాడు."

నేను ఎర్రను పుల్లకు చుడుతున్నాను. పొమ్మని అనలేను, ఉండమనడానికి నా దగ్గర ఏముంది? ఆ ఇంట్లో గోడమేకు కూడా నాది కాదు.

అత్త విసురుతున్న తిరగలి ఆపింది.

"రేకుల కింద అంగడి పెట్టి చేపల్ని ఉడకేస్తాండావు. అది యాపారమా, వంటా? ఈ నడవ ఖాళీగా పడుండాది. తొట్లు తెచ్చి ఈడ పెట్టు, చేపల్ని బండి మీద అనంతపురానికి ఏసుకపోయి అమ్ముకో."

తమ్ముడు నావైపు చూశాడు. నేను ఆమెవైపు చూశాను.

"అక్క అత్తగారింట్లో అంగడి పెడితే ఊరు నోరు మూసుకుంటాదా అత్తా? మా మామ తల ఎత్తుకోలేడు."

"ఊరు వచ్చి నాకు ఒక్క బిందె నీళ్లు మోసిందా? మీ మామకు తల బరువైతే దించుకోమను. ఇల్లు నాది, నా మిద్దె. నా కొడుకు మట్టి తొక్కి ఏసిన మిద్దె. నీ అంగడి చల్లగా ఉంటాదా లేదా, అది చెప్పు ముందు."

"ఉంటాది."

"మరి ఏం ఏడుపు?"

వాడు పెళ్లాన్ని అడిగి చెబుతానన్నాడు. అడిగాడో లేదో నాకు తెలియదు. సోమవారం బెంగళూరు బస్సు ఎక్కలేదు. మంగళవారం తొట్లు తెస్తే మంచిది కాదని ఆగి, బుధవారం పొద్దున ఆటోలో మొదటి తొట్టి తెచ్చాడు. ఆటో చప్పుడుకు పక్కింటామె గోడ దగ్గరికి వచ్చింది.

"ఏమవ్వా, కోడలి తమ్మున్ని ఇంట్లో పెట్టుకుంటాండావంట?"

"అవునుమే. నీ తమ్ముడుంటే వాణ్ని కూడా పంపు, తొట్లు మోస్తాడు," అంటూ మా అత్త నడవలో ఉన్న జొన్నల మూటను తానే పక్కకు లాగడం మొదలుపెట్టింది.