గుల్ల దుంగల్లో చిలకలు

పై వాటాలో అద్దెకుంటున్న అమ్మాయి మొన్న పిట్టగూడు ఒకటి కొనుక్కొచ్చి, ఎక్కడ తగిలిస్తే మంచిదండీ అని నన్నడిగింది. ముద్దొచ్చేలానే ఉంది గానీ, నా చెయ్యి ముందుగా దాన్ని వెనక్కి తిప్పి, తలుపేమైనా ఉందా అని తడిమింది. ఆ పిల్ల నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

డెబ్బైల చివర్లో పి.గన్నవరంలో టీచరుగా చేరి, అక్కయ్య ఇంట్లోనే ఉండేదాన్ని. నాన్నగారు పోయాక నన్ను చదివించింది బావగారే. ఆయన అమలాపురంలో టీచర్ల బదిలీలు చూసే ఆఫీసులో గుమాస్తా. ఓ గాలివానకి తలలు విరిగిన కొబ్బరిచెట్లను రైతులంతా నరికేస్తుంటే, వాటి తొర్రల్లో కాపురాలుండే చిలకలు గూడు లేక తోటంతా అరుచుకుంటూ తిరిగేవి. చూడలేక, పొయ్యిలోకి కూడా పనికిరావని పారేసిన గుల్ల దుంగలు ఏరుకొచ్చి, పాత నూనెడబ్బా రేకుతో మూతలు కొట్టి, పెరట్లో చెట్లకి కట్టించాను. తన లుంగీ తాను ఆరేసుకోని బావగారు కూడా సుత్తి పట్టుకుని దిగారు! ఏటా శుభ్రం చేసుకోవాలి కదా అంటూ, విరిగిన ట్రంకుపెట్టె బందులు ఊడదీసి ప్రతి దుంగకీ వెనకాల చిన్న తలుపు బిగించారు. ఆయనంటే నాకెంత గర్వంగా ఉండేదో!

చిలకలు వచ్చి గుడ్లు పెట్టాయి, పిల్లలయ్యాయి. తీరా ఈకలొచ్చే వేళకి గూళ్ళు ఖాళీ. తల్లిచిలక దుంగకి వేలాడి లోపలికి తొంగిచూస్తూ అరుస్తుంటే నాకు అన్నం సయించేది కాదు. నేను పిల్లిని తిట్టేదాన్ని, బావగారు నాకంటే గట్టిగా తిట్టి, చెట్ల మొదళ్ళకి ముళ్ళకంప కూడా కట్టించారు. మరుసటేడూ అదే వరస.

ఆ శ్రావణంలో బావగారి పై అధికారి ఇంటికి పేరంటానికి వెళ్ళాను. వసారాలో పంజరం, అందులో రెండు చిలకలు. ఆ ఇంటావిడ మురిసిపోతూ, "మీ బావగారే తెచ్చిచ్చేరండీ. మీరు గూళ్ళు కట్టి మరీ పెంచి పంపుతారటగా! మంచి చెయ్యండీ మీది, ఆయ్," అంది.

తాంబూలం ఎలా పుచ్చుకున్నానో, బస్సెలా ఎక్కానో తెలియదు. ఇంటికొచ్చి ఏడుస్తూ అక్కయ్యకి చెబితే, బియ్యం ఏరుతున్న చేటలోంచి తలెత్తకుండా, "నిన్ను గోదాట్లో పడవెక్కి వెళ్ళే ఏ లంకకీ వెయ్యకుండా ఇక్కడే ఉంచేరంటే ఊరికేననుకున్నావా? ఆ చిలకల పుణ్యమేనే," అంది. బావగారి మోసం ఒక ఎత్తు, అక్కయ్యకి ముందే తెలుసన్నది ఇంకో ఎత్తు. పోనీ కడుపారా తిడదామంటే, అదంతా నాకోసమేనట!

మర్నాడే దుంగలన్నీ దింపించేశాను. వేసవిలో పట్టుబట్టి ఓ లంకలోకే బదిలీ అడిగి, రోజూ పడవ మీద బడికి వెళ్ళాను.

ఇప్పుడు ఆ లంకకి వంతెన పడింది. తోటల్లో మొండిచెట్టు మచ్చుకైనా కనబడదు, చిలకల అరుపూ తగ్గింది. అక్కయ్యా బావగారూ వెళ్ళిపోయారు. చివరి రోజుల్లో ఇద్దరికీ చాకిరీ చేసింది నేనే, అదీ ఇష్టంగానే చేశాను. కానీ ఆ తర్వాత నాకెవరు ఏ మేలు చేసినా, ఇది ఎవరి గూట్లోంచి తీసి ఇస్తున్నారో అని అనుమానించకుండా పుచ్చుకోలేకపోయాను.