దర్జీ అక్క రెండో ఫొటో

బట్ట మీద గీతలు గీసే సుద్దబిళ్ళను దర్జీ అక్క జాకెట్లో దోపుకుంటుంది. బల్ల మీద పెడితే దానికి కాళ్ళొస్తాయట! రొమ్ము పరీక్షకి వెళ్ళిన పొద్దున కూడా అంతే, పని మధ్యలోంచి లేచి వెళ్ళింది. ఆమె తల్లిని రొమ్ము క్యాన్సరే పొట్టన పెట్టుకుంది మరి. తోడుగా ఆడపడుచు వెళ్ళింది. ఇద్దరికీ క్షణం పడదు, ఒకరు లేకుండా ఒకరు గడప దాటరు.

ఆసుపత్రిలో చల్లటి పలకల మధ్య రొమ్మును నొక్కి ఎక్స్‌రే ఫొటో తీశారు. లక్షల ఫొటోలు చూసి చూసి జబ్బు జాడ పట్టడం నేర్చిన కంప్యూటరు, దాని మీద ఎర్రటి గళ్ళు చాలానే గీసింది. ఫొటో తీసే అమ్మాయి కంగారుగా వచ్చి, అక్క ఒంటికి అంటిన తెల్లపొడి చూసి ఫక్కున నవ్వింది.

“ఇదా సంగతి! సుద్దపొడి కూడా ఫొటోలో అచ్చం జబ్బు చుక్కల్లాగే పడుతుందండీ. ఇవాళ జనం ఎక్కువ. వచ్చే నెల శుభ్రంగా కడుక్కుని రండి.”

“హమ్మయ్య! సుద్ద తిని మిషన్‌కి అజీర్ణం చేసిందన్నమాట. పద వదినా!” ఆడపడుచు అప్పుడే చెప్పుల్లో కాళ్ళు పెట్టేసింది.

అక్క కదల్లేదు. “మా అమ్మకీ వచ్చే నెల రమ్మనే చెప్పారు. ఆ నెల వచ్చేసరికి అమ్మ లేదు. పంపెక్కడుందో చూపించమ్మా, కడుక్కొస్తా. మళ్ళీ తియ్. తియ్యకపోతే ఈ కుర్చీలోంచి నన్ను ఎవరూ లేపలేరు.”

“పరువు తీస్తున్నావు వదినా!”

“ప్రాణముంటే పరువు మళ్ళీ కుట్టుకుంటాలే.”

చర్మం కందేలా సబ్బు రుద్దుకుని వచ్చింది. రెండో ఫొటోలో గళ్ళన్నీ మాయమయ్యాయి, ఒక్కటి తప్ప. అమ్మాయి నవ్వు ఆరిపోయింది. పరుగున వెళ్ళి డాక్టరమ్మను పిలుచుకొచ్చింది.

డాక్టరమ్మ ఆ గడిలోకి చాలాసేపు చూసింది. “ఆవగింజంత కూడా లేదు. ఉత్త కంటితో అయితే నేనూ దాటేసేదాన్నేమో. సూదితో ముక్క తీసి చూద్దాం,” అంది.

ముక్కలో జబ్బే తేలింది. ఇంకా పాకలేదు, కోసి తీసేయొచ్చన్నారు. ఆడపడుచు బావురుమంది. “ఎవరికీ చెప్పకు వదినా, లోకం నానా మాటలూ అంటుంది.”

“అననీ. లోకం కొలతలన్నీ నా దగ్గరే ఉన్నాయి.”

ఆపరేషనయి కొట్టు తెరిచాక, కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి ఆడమనిషినీ అడిగింది, “నువ్వు ఫొటో తీయించుకున్నావా?” అని. లేదన్నవాళ్ళ ఛాతీ చుట్టూ టేపు బిగించి పట్టుకుంది, ఎప్పుడు వెళ్తారో చెప్పేదాకా వదల్లేదు. మొదట దొరికింది ఆడపడుచే.