బాపు అతికిన తీగ

సీసం కరిగేటప్పుడు లేచే పొగకు ఒక వాసన ఉంటుంది. తీపి కాదు, చేదు కాదు, ముక్కులో దూరి చాలాసేపు అక్కడే కూర్చుంటుంది. జనగామలో మా ఇంటి వెనక గదిలో, ఈ వేసవి సెలవుల్లో, పాత బల్ల మీద సోల్డరింగ్ కడ్డీ వేడి చేసినప్పుడల్లా ఆ వాసన లేస్తుంది, లేవగానే నాకు తొమ్మిదేళ్లు వస్తాయి. బల్ల మీద ఉన్నది ఎలక్ట్రిక్ గిటారు. కాటారంలో పెళ్లిళ్లకు ఆర్కెస్ట్రా నడిపి మానేసిన ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. నిజానికి అయిదో చెయ్యో ఆరో చెయ్యో అయి ఉంటుంది. రిటైర్మెంటు వైపు నడుస్తున్న సైన్సు టీచరమ్మకు గిటారెందుకని ఆయన అడిగితే మా పిల్లగానికని చెప్పాను. అబద్ధం చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు.

ఫోనులో ఫొటో చూసి, భూపాలపల్లి దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు ఎక్కి పోయానే గాని, నేను వెతుకుతున్నది అదేనన్న నమ్మకం లేదు. కంపెనీ పేరు ఎప్పుడో ఊడిపోయింది. పైన వెండి రంగు, దాని కింద నలుపు. ఇంటికి తెచ్చి వారం రోజులు బ్లేడుతో మెల్లగా గీకితే, నలుపు కింద పండు మిరపకాయ ఎరుపు బయటపడింది. మెడ మరలు విప్పితే ఆ సందులో పెన్సిలుతో రాసిన అక్షరాలు కనబడ్డాయి. ఫొటో పంపితే, జపాన్ భాష అనీ, చాలా పాతదనీ ఒక సంగీతం షాపతను చెప్పాడు. ఎర్ర గిటార్లు లోకంలో వేలు ఉంటాయి కాబట్టి ఇంకా గీకాను. వైరు గుచ్చే రంధ్రం పక్కన, కట్టెలోకి దిగిన మాడిన గుంట వేలికి తగిలింది. సోల్డరింగ్ కడ్డీ మొన అంత గుంట. అప్పుడు బ్లేడు కింద పెట్టేశాను.

మహబూబాబాద్‌ను మావాళ్లంతా మానుకోట అనే అంటారు. ఆ మానుకోటకు అవతల మా ఊళ్లో మా బాపు రేడియోలు బాగుచేసేవాడు. ముందరి అర్ర నిండా పొట్టలు విప్పిన రేడియోలు, చుట్టలు చుట్టిన రాగి తీగలు, పగిలిన స్పీకర్లు. ఆ స్పీకర్ల అయస్కాంతాలకు దారం కట్టి నేను వాగు ఇసుకలో ఈడ్చుకుంటూ పోతే నల్లటి ఇనుప రజను గుత్తులు గుత్తులుగా అంటుకునేది, దాన్ని కాగితం మీద పోసి కింద అయస్కాంతం తిప్పుతూ పొద్దుగూకేదాకా ఆడుకునేదాన్ని. బాపు పనికి ఒక గుర్తు ఉండేది. ఎక్కడ తీగ అతికినా ముందు ఒక ముడి వేసి, సీసం పోసి, ఆరాక దాని మీద ఎర్రటి గోళ్ల రంగు ఒక చుక్క పెట్టేవాడు, ఊడకుండా. "నా గోర్లకు లేదు గని రేడియోలకు సింగారం!" అని అవ్వ, అంటే మా అమ్మ, ఎగతాళి చేసేది.

బాపు తమ్ముడు సామేలు, మా చిన్నాయిన, మిర్చి యార్డులో బస్తాలు మోసేవాడు. వారమంతా దగ్గుతూ, తుమ్ముతూ, ఘాటుకు కళ్లు ఎర్రబడి తిరిగే మనిషి, ఆదివారం తెల్లచొక్కా వేసుకుని చర్చిలో గిటారు భుజాన వేసుకుంటే నాకు వేరే మనిషిలా కనబడేవాడు. సికింద్రాబాద్‌లో ఎవరో అమ్ముకుంటే కొనుక్కొచ్చాడు దాన్ని. మోగించడం ఎవరూ నేర్పలేదు. విని విని పట్టుకున్నాడు. ఒక్కటే చిక్కు, వాయించనప్పుడు కూడా అది స్పీకరు పెట్టెలో కుయ్యిమని మోగేది. క్రిస్మస్ నాడు సంఘపెద్ద లేచి నిలబడి, "గీ తుమ్మెదలేందిర సామేలూ, పార్థన ఇననిస్తలెవ్వు" అంటే చర్చంతా నవ్వింది. చిన్నాయిన కూడా నవ్వాడు గాని, ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

మా చర్చికి మీటరు లేదు. పండుగ వస్తే స్తంభం మీది తీగకు కొక్కెం తగిలించి ఒక వైరు లాగేవాళ్లు. రెండో వైరు ఎక్కడి నుంచి వస్తుంది? చర్చి గోడ పక్కన భూమిలోకి ఇనుప రాడ్డు దిగగొట్టి, దానికి కట్టేవాళ్లు. మట్టి తడిగా ఉంటే బల్బులు నిండుగా వెలుగుతాయి, ఎండితే మినుకుమినుకుమంటాయి. అందుకని రాడ్డు చుట్టూ గుంత తీసి, ఉప్పు, బొగ్గు వేసి, గంటగంటకూ నీళ్లు పోయాలి. ఆ పని నాది. నేను బిందె వంచుతుంటే పందిరి కింద దీపాలన్నీ ఒక్కసారిగా తెల్లబడేవి, అందరూ నా వైపు చూసేవాళ్లు. అంత గర్వం నాకు మళ్లీ ఎన్నడూ కలగలేదు. గిటారు పెట్టె వైరు కూడా ఆ రాడ్డుకే కట్టేవాళ్లు. ఊరంతా అట్లాగే చేసేది, తప్పని చెప్పిన వాళ్లు లేరు. ఇప్పుడు నేను పిల్లలకు బోర్డు మీద ఎర్తింగు బొమ్మ వేసి, రాడ్డు దగ్గర మట్టి ఎండితే భూమిలోకి పోవలసిన కరెంటు ముట్టుకున్న మనిషిలోంచి దిగుతుందని పాఠం చెబుతాను.

ఆ ఏడు ఈస్టర్ ముదిరిన ఎండల్లో వచ్చింది. కళ్లాల్లో ఎర్రగా పరిచిన మిరపకాయలు, చెలకల గట్ల మీద రాలిన ఇప్పపూల మత్తువాసన, నలభై రోజులు మాంసం కూర ముట్టకుండా ఉన్న ఇళ్లలో ముందురోజే మొదలైన హడావిడి: గారెలకు నానిన పప్పు రోట్లో రుబ్బుతున్న చప్పుడు, బెల్లం పాకం, గంప కింద మూసిన కోడిపుంజు అరుపులు. బావుల్లో మాత్రం నీళ్లు అడుగంటాయి. ఊరి చివర, సమాధులుండే బొందలగడ్డ పక్కన ఉన్న బోరింగు ఒక్కటే దిక్కు. ఆ శనివారం మధ్యాహ్నం చిన్నాయిన గిటారు తెచ్చి బాపు ముందు పెట్టాడు. బాపు విప్పి చూసి, తంతులు కట్టిన ఇనుప పలక నుంచి లోపలికి రావలసిన తీగ, తంతుల మీద చెయ్యి పెట్టగానే మోతను ఆపేది, తెగిపోయిందని కనిపెట్టి, కొత్తది వేసి అతికాడు. ఏం చేస్తున్నాడో చూడాలని నేను మీదికి వంగితే నా తల ఆయన మోచేతికి తగిలి, కడ్డీ జారి గిటారు మీద పడింది. కట్టె మాడిన కమురు వాసన వచ్చింది. నేను ఏడుపు మొహం పెట్టాను.

"పోనియ్యన్నా, గుర్తుంటది" అన్నాడు చిన్నాయిన.

బాపు ఎర్రచుక్క పెట్టి, మూత బిగించి, "ఇగ కుయ్యిమనది పో" అన్నాడు. అనలేదు కూడా.

ఈస్టర్ ఆరాధన తెల్లవారక ముందే. రాడ్డు కోసమని నేను సాయంత్రమే రెండు బిందెలు నింపి గోడ పక్కన పెట్టుకున్నాను. లేచి వెళ్లేసరికి రెండూ బోర్లించి ఉన్నాయి. దుమ్ము లేస్తోందని ఆడవాళ్లు ఆ నీళ్లు తీసి పందిరి ముందు చల్లేశారు. నేల చల్లగా, మట్టివాసనతో, అందరికీ హాయిగా ఉంది. బోరింగుకు పోవాలంటే చీకట్లో బొందలగడ్డ దాటాలి. నాకు భయమేసింది. బల్బులు అప్పటికే కొంచెం మసకబారాయి. చిన్నాయిన గిటారు వేసుకుని, చెప్పులు విడిచి, ఆ తడినేల మీదికి నడుస్తూ నన్ను చూశాడు.

"పోసినవా బిడ్డా?"

"పోసిన చిన్నాయినా."

ఆయన పక్కనే మా బాపు నిలబడి ఉన్నాడు. చిన్నాయిన నా నెత్తి నిమిరి ముందుకు పోయాడు. పెట్టె మీట వేసి తంతుల మీద చెయ్యి వేశాడు. పాట రాలేదు. ఆయన నిలువునా బిగుసుకుపోయాడు, వేళ్లు తంతులను విడవలేదు. ఎవరో అరుస్తూ కట్టెతో వైరు కొట్టేదాకా అట్లాగే ఉన్నాడు. ఎడ్లబండి మీద దవాఖానకు తీసుకుపోయారు గాని, మానుకోట పొలిమేర దాటకముందే ప్రాణం పోయిందని తరవాత చెప్పారు. అందరూ బండి వెంట ఉరికారు. గుంతలో తడి ఉందా లేదా అని ఎవరూ చూడలేదు. నేను చూశాను. పొడిగా ఉంది.

నెలలోపే బాపు ఆ గిటారును బ్యాండు వాళ్లకు ఇచ్చేశాడు. రేడియోలన్నీ ఎవరివి వాళ్లకు తిరిగి ఇచ్చి, అర్ర ఊడ్చి, మిర్చి యార్డులో తమ్ముడు మోసిన బస్తాలే మోశాడు. మళ్లీ కడ్డీ పట్టలేదు. మేం తరవాత కట్టుకున్న ఇంట్లో మీటరు పక్కన ఎర్తుగుంత ఉంటే, ఎండాకాలం రోజూ సాయంత్రం ఆయనే బిందె మోసుకొచ్చి, ఒక్క మాటా లేకుండా, చుక్క వృథా కాకుండా పోసేవాడు. నేను కిటికీలోంచి చూస్తూ, ఇది నన్ను అనడమే, ఆయనకు తెలుసు, తెలిసే ఇట్లా చేస్తున్నాడు అనుకునేదాన్ని. ఆయనంటే భయమేసింది, తరవాత తరవాత కోపం కూడా వచ్చింది. మూడేళ్ల కింద ఆయన పోయినప్పుడు, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు కొంచెం తేలికైంది.

ఇప్పుడు గిటారు పలక ఎత్తితే ఆ తీగ అట్లాగే ఉంది. ముడి, సీసం, నల్లబడిపోయిన ఎర్రచుక్క. నా దగ్గరే ఉంటున్న అవ్వను పిలిచి చూపించాను. ఆమె చాలాసేపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గీ తీగెనే తన తమ్ముని పానం తీసిందని సచ్చేదాంక కుమిలిండు మీ బాపు. గుంత ఎండిందేమో, నీ తప్పేంది అని నేనెన్నిసార్లన్ననో. లే, బిడ్డ పోసిన అన్నది, నా చెవుల్తోటి ఇన్న అనెటోడు. నీళ్లు పోసినంక ఇగ తప్పు నా తీగెది గాక ఇంకెవలిది అనెటోడు."

ఎత్తిన పలకను మెల్లగా కింద పెట్టాను. తరవాత చెప్పాను. "అవ్వా, నేను పొయ్యలే."

అవ్వ తిట్టలేదు. గిటారు వైపు, నా వైపు చూసి, "గీ మాట ఆయినకు జెప్పకపోతివి బిడ్డా" అని లేచి లోపలికి పోయింది.

మా ఊరి చర్చికి ఇప్పుడు మీటరుంది, స్లాబు ఉంది, పాటలు ఫోనులోంచి స్పీకర్లలోకి వస్తాయి. బోరింగు పీకేశారు. గుంత మీద సిమెంటు పోశారు. బిందె వంచితే దీపాలు తెల్లబడడం ఈనాటి పిల్లలకు చెప్పినా నమ్మరు. గిటారు మాత్రం బాగైంది. తంతుల కింద అయస్కాంతం ఉండే పికప్పుకు కొత్త రాగి చుట్టు చుట్టించాను, తంతులు మార్చాను, ఎరుపును ఎరుపుగానే ఉంచాను. ఆ తీగ జోలికి మాత్రం పోలేదు, పోవలసిన అవసరమూ రాలేదు. మా ఇంటి ఎర్తును మనిషిని పిలిచి రెండుసార్లు చూపించుకుని, నిన్న పెట్టెకు తగిలించి, చేతిని తంతుల మీద పెట్టాను. కుయ్యిమన్న మోత టక్కున ఆగిపోయింది. బాపు పని ఎంత గట్టి పనో అంత గట్టిగా ఉంది, తీగలో ఏ తప్పూ లేదు. అది వినడానికి బాపు లేడు.