శకుంతల చీరతో కుట్టిన బొంత

కాశిబుగ్గలో మా వాడకు చిలుకమ్మ వస్తోందంటే ముందు ఆమె నెత్తి మీది మిషన్ కనపడేది, ఆ తర్వాత ఆమె. చుట్టబట్ట మీద చేత్తో తిప్పే కుట్టు మిషన్, కుడిచేతిలో బొగ్గుల ఇస్త్రీపెట్టె, చంకలో మడిచిన గోనెపట్టా. అంతే ఆమె దుకాణం. "నీ దుకాణానికి కాళ్లున్నయి పెద్దమ్మా" అని నేను ఆటపట్టిస్తే, "నీకెందుకే కుళ్లు? నువ్వూ మోస్తవా?" అనేది.

ఎవరింటి బొంత కుట్టాలో ఆ ఇంటి అరుగు మీద పట్టా పరిచి కూర్చునేది. ఇస్త్రీపెట్టెలోకి నిప్పులు ఆ ఇంటి పొయ్యిలోవే అడిగేది. పాత చీరలు వేడినీళ్లలో ఉతికించి, ఆరాక నీళ్లు చిలకరించి ఇస్త్రీ చేస్తే గాని సూది ముట్టేది కాదు. అంచులకు మిషన్, నడుమ వరసలకు చేతి సూది. ఒకసారి మా అత్త "చంటిపిల్లకే గదా, ఇస్త్రీ ఎందుకు?" అన్నందుకు మిషన్ నెత్తికెత్తుకుని లేచింది. "ముడుత మీద నేను కుట్టెయ్య. పసిపోరల ఈపు ఒత్తుకపోతది" అంది. మా అత్త నోరు మూసుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. నా పిల్లలిద్దరూ చిలుకమ్మ కుట్టిన బొంతల మీదే పెరిగారు.

మొగుడు పోయాక ఆ మిషన్ తిప్పుకుంటూనే ఒక్కగానొక్క బిడ్డ శకుంతలను పెంచింది. భివండిలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే సారంగపాణికిచ్చి పెళ్లి చేసింది. డెబ్బై ఎనిమిదిలో శకుంతల పురిటికి తల్లి దగ్గరకు వచ్చి మగపిల్లవాణ్ణి కన్నది. వాడికి మూడో నెల నడుస్తుండగా ఆమెకు కామెర్లొచ్చాయి. దవాఖానలో చేర్చిన ఐదో రోజు పోయింది. ఇరవై రెండేళ్ల పిల్ల. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు కోపమొస్తుంది, ఎవరి మీదో తెలియదు.

దినాలయ్యాక శకుంతల బట్టలన్నీ చాకలికి ఇచ్చేశారు. ఒక్క ఆకుపచ్చ నేతచీర మిగిలింది. పిల్లవాడు అందులో ముఖం పెట్టుకుని పడుకుని ఉన్నాడు, లాగేయడానికి ఎవరికీ చేతులు రాలేదు. అది లేకుండా వాడికి నిద్ర పట్టేది కాదు. డబ్బాపాలు తాగి, చీరలో ముక్కు దూర్చి, రెండు నిమిషాల్లో కళ్లు మూసేవాడు. "మెత్తగున్నదని పంటాండు" అనేది చిలుకమ్మ. నేనూ అట్లాగే అనుకున్నాను.

తర్వాతి నెల సారంగపాణి తన తల్లిని వెంటబెట్టుకుని కొడుకును తీసుకుపోవడానికి వచ్చాడు. చిలుకమ్మ కాళ్లావేళ్లా పడింది.

"నేను సాదుకుంట అల్లుడా. నాకింకెవలున్నరు?"

సారంగపాణి చెడ్డవాడు కాదు. తల వంచుకుని, "నా కొడుకు నా దగ్గర్నే ఉండాలె అత్తమ్మా" అన్నాడు. మర్నాడు సాయంత్రం కాజీపేటలో రైలు.

ఇక ఆమెకు ఒక్కటే చింత. అంత దూరం, కొత్త చేతుల్లో, పిల్లవాడు ఎట్లా నిద్రపోతాడు? చీర ఊరికే ఇస్తే నాలుగు నాళ్లకు పీలికలవుతుంది. బొంత చేస్తే ఏళ్ల తరబడి తల్లి చీరలోనే పడుకుంటాడు. తెల్లవారుతూనే చీర ఉతికి ఎండకేసి, అది ఆరగానే నా దగ్గరకు వచ్చింది. "జర నిప్పులియ్యి బిడ్డా" అంది. మంచి నిప్పులు ఏరి మరీ పెట్టెలో పోశాను.

ఆమె అంత శ్రద్ధగా కుట్టడం నేనెన్నడూ చూడలేదు. లోపల తన పాత చీరలు, పైన శకుంతల చీర. ఎక్కడా ఒక్క ముడుత లేదు. మూడు గంటలకు పిల్లవాణ్ణి దాని మీద పడుకోబెట్టింది. వాడు ముఖం అటూ ఇటూ తిప్పాడు. ముక్కుతో వెతికాడు. మళ్లీ వెతికాడు. ఆ తర్వాత ఏడుపు అందుకున్నాడు. ఎత్తుకుని ఆడించి మళ్లీ పడుకోబెడితే మళ్లీ అదే. చిలుకమ్మ వంగి బొంత వాసన చూసింది. సబ్బు వాసన, బొగ్గు వాసన, అంతే.

"పోరడు చీరె కోసం గాదే, తల్లి వాసన కోసం పన్నడు" అంది. "నా చేతులతోటి నేనే ఉతికి పోగొట్టిన" అని నెత్తి బాదుకుంది.

నిప్పులిచ్చిందాన్ని నేనే. ఇద్దరిని కన్నదాన్ని, నాకైనా తట్టాలి గదా! పిల్లవాడు ఏడుస్తూనే రైలెక్కాడు. బొంతను వియ్యపురాలు సంచిలో కుక్కింది.

నెల తిరక్కుండా కార్డు వచ్చింది. చిలుకమ్మకు చదువు రాదు, నా దగ్గరకు తెచ్చింది. "బాబు మంచిగున్నడు. మొదలు వారం దినాలు నిద్రపోలే. ఇప్పుడు మా అమ్మ కొంగు పట్టుకొని పంటాండు. మీరు ఫికర్ చెయ్యకుండ్రి" అని రాశాడు సారంగపాణి.

"ఎవల కొంగు?" అంది. చెప్పాను. మళ్లీ చదవమంది. చదివాను.

"మంచిదే బిడ్డా. పోరడు నిద్రపోవాలె గదా" అని కార్డు తీసుకుంది. రెండడుగులు వేసి ఆగింది.

"ఇగ మా శకుంతల వాసన ఎరుకున్నది లోకంల నాకొక్కదానికే" అని గడపలోనే కూలబడి ఏడ్చింది. లేపుదామని వంగినదాన్ని, నేనూ ఆమె పక్కనే కూర్చుండిపోయాను.