చీపురుకి లేచిన రోడ్డు

కొత్త తారు వాసన తగిలితే నాకు తుమ్ములొస్తాయి. తారుకి ఎవరైనా తుమ్ముతారా అని మా ఆఫీసులో నవ్వుతారు. నవ్వుకోనీ. మా వైపు తారూ, మిరప ఘాటూ ఒకే నెలలో వస్తాయి. మార్చిలో కల్లాలన్నీ ఎర్రటి కాయతో నిండిపోతాయి. ఏడాదంతా కదలని రోడ్డు పనులకి అదే మార్చిలో కాళ్ళొస్తాయి, నెలాఖరు దాటితే నిధులు వెనక్కి పోతాయి గనక. నిన్న పొద్దున కూడా అలాగే తుమ్ముకుంటూ ఒక కొత్త రోడ్డు మీద నిలబడ్డాను. పని బాగుందని ఇంజనీరుగా నేను సంతకం పెడితేనే బిల్లు పాసవుతుంది. కాంట్రాక్టరు పెన్ను మూత తీసి మరీ పట్టుకున్నాడు. అంత మర్యాద చూసేసరికి నాకు కోటమ్మత్త గుర్తొచ్చింది.

కోటమ్మత్త మా పక్కింటావిడ. చుట్టమేమీ కాదు, ఊరి వరసకి అత్త. గుంటూరుకీ చీరాలకీ మధ్య నల్లరేగడిలో మా ఊరు. మొగుడు పోయాక ఉన్న కాస్త పొలంలో తనే మిరప వేసుకునేది. అనుమానం ఆవిడకి పుట్టుకతో వచ్చింది. పాలు పోయించుకుంటే చెంబు వంచి చూసేది. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, "ఎందుకంట? నీకేం కావాలంట?" అని మొహం మీదే అడిగేది. మా ఊరికి తారు రోడ్డు మంజూరైందని పంచాయతీ మైకులో చెప్పినప్పుడు ఊరంతా సంబరపడుతుంటే ఆవిడ నా వైపు తిరిగింది. "ఏడాదంతా గుర్తురాని ఊరు వీళ్ళకి మార్చిలో ఎందుకు గుర్తొచ్చిందే?" నేనప్పుడు పాలిటెక్నిక్ చదువుతూ రోజూ గుంటూరు వెళ్ళొచ్చేదాన్ని. "మంచిదేగా అత్తా" అన్నాను. "మంచిదే. అదే నా భయం" అంది.

రోడ్డు పడింది. నున్నటి నల్ల రోడ్డు కనిపిస్తే మా వాళ్ళ చేతులు ఊరుకోవు. మట్టి కల్లం కంటే దాని మీద వేడెక్కువ, కాయ తొందరగా గలగలలాడుతుంది. రోలరు అటు వెళ్ళిందో లేదో, ఇటు ఎవరింటి ముందు వాళ్ళు కాయ పోసేశారు. మబ్బు పట్టేసరికి, వానొచ్చేలోపు ఎండాలని అంత అనుమానం మనిషీ తనూ పోసింది. ఎండాక చీపురుతో కుప్ప చేసి, బస్తాలకెత్తి గుంటూరు మిర్చి యార్డుకి తోలింది.

సాయంత్రం ఆవిడతో కలిసి బస్సెక్కుదామని నేను కాలేజీ నుంచి యార్డుకి వెళ్ళాను. కమీషన్ దుకాణం ముందు జనం మూగి ఉన్నారు. ఆవిడ బస్తా విప్పి గుమ్మరించారు. కాయల మధ్య కంకర రాళ్ళు. గుమస్తా గొంతు పెంచి, "ఏమ్మా, తూకానికి రాళ్ళు కలుపుతున్నావా? ఈ వయసులో ఇదేం బుద్ధి?" అన్నాడు. లోకాన్నంతా అనుమానించిన మనిషిని పదిమందిలో దొంగని చేశాడు. నాకు ఏడుపొచ్చింది. అలాంటి మాట ఒకసారి పడితే యార్డులో ఇక ఎవరూ ఆవిడ కాయ ముట్టరు. కాయ అమ్ముకోకపోతే ఆవిడకి బతుకే లేదు.

ఊళ్ళో బస్సు దిగీ దిగగానే ఆవిడ ఇంట్లోంచి చీపురూ చేటా తెచ్చి, కాయ ఎత్తేసిన చోట రోడ్డుని ఊడ్చింది. నాలుగు విసుర్లకే చేటలో గుప్పెడు రాళ్ళు పడ్డాయి. ఒక్కో రాయినీ తిప్పి చూసింది. అన్నిటికీ పల్చగా తారు అంటుకుని ఉంది. "ఒసే, రోడ్డే లేచొచ్చి నా బస్తాలో కూర్చుందే!" అంది.

మర్నాడు నాతోపాటే బస్సెక్కి, ఆ రాళ్ళు గుమస్తా ముందు పోసింది. "కలపాలనుకుంటే మా వాగులో బోలెడు రాళ్ళున్నాయి బాబూ. తారు పూసి మరీ కలుపుతానా?" అతను ఒక రాయిని గోటితో గీరి చూశాడు. మా ఊరి పెద్దరైతు బస్తా పక్కనే ఉంటే అదీ విప్పించాడు. అందులోనూ అవే రాళ్ళు. అప్పుడు గొంతు తగ్గించి, "కూర్చోమ్మా, టీ తాగు" అన్నాడు. "నిన్న ఎంత గట్టిగా అరిచావో అంత గట్టిగా చెప్పు, నేను కలపలేదని. టీ తర్వాత తాగుతా." చెప్పించుకునే దాకా కదల్లేదు మహాతల్లి.

ఆ వారంలోనే కాంట్రాక్టరుతో కలిసి ఇంజనీరు రోడ్డు చూడటానికి వచ్చాడు. కోటమ్మత్త చేటలో రాళ్ళు చూపిస్తే విసుక్కున్నాడు. "రోడ్డు బండ్లు నడవడానికమ్మా, కాయలు ఎండబెట్టుకోవడానికి కాదు. పాడుచేసింది మీరే."

"ఒప్పుకుంటానండి. చీపురుకే లేచిన రోడ్డు ట్రాక్టరుకి ఆగుద్దాండి?"

జనం గొల్లుమన్నారు. ఇద్దరూ జీపెక్కి వెళ్ళిపోయారు. తర్వాత రోలరు మళ్ళీ వచ్చి, ఒక్క కోటమ్మత్త ఇంటి ముందు మాత్రం మందంగా తారు వేసి పోయింది. "నా నోరు మూయించడానికే ఇది" అని ఆవిడ తిడుతూనే ఉంది. వానలకి ఊరి రోడ్డంతా గుంటలు పడింది, ఆవిడ ఇంటి ముందు ముక్క చెక్కుచెదరలేదు. "కోటమ్మకి ముట్టాల్సింది ముట్టిందిలే" అన్నారు మా ఊరివాళ్ళే. ఆ మాట ఆవిడని గుమస్తా మాటకంటే ఎక్కువ కాల్చింది. ఆ ముక్క మీద మళ్ళీ ఒక్క కాయ కూడా పోయలేదు, పెరట్లో పట్టా పరుచుకుని ఎండబెట్టుకుంది.

నాకు ఉద్యోగం వచ్చిందని స్వీట్లు తీసుకెళ్తే, "రోడ్ల ఆఫీసా?" అని, వాసన చూసి మరీ నోట్లో వేసుకుంది. నేను వేయించిన మొదటి రోడ్డు మా పక్క ఊరికే. ఎవరో ముసలావిడ ఆ రోడ్డుని ఊడుస్తోందని తెలిసి పరిగెత్తుకెళ్ళాను. కోటమ్మత్తే. కళ్ళు సరిగా ఆనక, చేటలోకి వేళ్ళు పెట్టి తడుముతోంది. నాకు ఒళ్ళు మండింది. "నా మీద కూడానా అత్తా?"

"నీ మీద కాకపోతే ఎవరి మీదే? నువ్వు నా కళ్ళ ముందు పెరిగినదానివి." చేట దులిపింది. "లేవులే, ఈసారికి."

ఈసారికి! బాగా వేశావే అని ఒక్క మాట అనొచ్చుగా. అనకుండానే మరుసటి ఏడు కన్నుమూసింది. ఆ మాట కోసం నేను ఇప్పటికీ ఏడుస్తాను.

నిన్న కాంట్రాక్టరు, "మేడమ్, నెలాఖరు వచ్చేసిందండి" అని పెన్ను ముందుకి చాపాడు. నేను జీపులోంచి చీపురూ చేటా తీశాను. మొదట నవ్వాడు. నాలుగు విసుర్లకి చేటలో రాళ్ళు పడేసరికి, "ఎవరో కాయ ఎండబెట్టినట్టున్నారండి" అని గొణిగాడు. ఆ రోడ్డు మీద ఇంకా ఒక్క కాయ పడలేదు. పెన్నుకి మూత పెట్టి అతని చేతికే ఇచ్చేశాను. పై ఆఫీసులో ఇంకెవరి చేతైనా సంతకం పెట్టించుకుంటాడేమో, ఆ అనుమానమూ నాకుంది.

అంతలో ఒకావిడ కాయ గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. "ఈ రోడ్డు మీద పోయకమ్మా, రాళ్ళు కలుస్తాయి" అన్నాను. ఆవిడ నన్నూ, జీపునీ, కాంట్రాక్టరునీ ఎగాదిగా చూసింది.

"ఎందుకంట? నీకేం కావాలంట?"

నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. చీపురు ఆవిడ చేతికిచ్చాను.