ఇంకా ఫుల్ కాని బ్యాటరీ

మా మరిపెడలో వెంకట్రాజం అన్న ఛార్జింగ్, రిపేరు షాపుకు బ్యాటరీ తీసుకుపోవడం తేలిక, వెనక్కి తెచ్చుకోవడమే కష్టం. కెమిస్ట్రీ ప్రశ్నకు జవాబు చెప్పనిదే ఇవ్వడు. పక్కనే జిరాక్స్ షాపు పెట్టుకున్న పాపానికి పదేళ్లుగా నేనూ ఆ పాఠాలు వింటున్నాను.

"ఆక్సీకరణ అంటే ఏంది?"

"నాకేమెరుక? చేనుకు మందు కొట్టాలె, బ్యాటరీ ఇయ్యన్న."

"ఇంకా ఫుల్ కాలే. జర కూసో, చెప్త."

ఒకసారి బరాత్ లైట్ల బ్యాటరీ ఇలాగే ఆగిపోయింది. చివరికి పెళ్లికొడుకే కారు దిగొచ్చి, "ఎలక్ట్రాన్లు పోతే ఆక్సీకరణ, వస్తే క్షయకరణ" అని చెప్పి విడిపించుకున్నాడు. "పిల్లగాడు మంచోడే" అని వెంకట్రాజం అన్న ఆడపెళ్లివారికి హామీ ఇచ్చాడు.

మొన్న మే నెలలో, పక్క తండా జైసింగ్ కూతురు అఖిల మందు కొట్టే పంపు బ్యాటరీ తెచ్చింది. అప్పటికే ఇంటర్ కెమిస్ట్రీ తప్పి ఏడుపు ముఖంతో ఉంది. నెలలో సప్లిమెంటరీ. ఈసారి తప్పితే చదువు బంద్, కూలికి రావాల్సిందే, ట్యూషన్ మాటే లేదని జైసింగ్ తండా అందరి ముందూ అనేశాడు.

"ఆనోడ్ ఏది, బిడ్డా?"

"నెగెటివ్."

"ఛార్జింగ్ పెట్టినప్పుడు?"

"అప్పుడు గూడ గదే."

"కూసో, చెప్త. రేపు గూడ రా, ఇంకా ఫుల్ కాలే."

అలా ఇరవై ఆరు రోజులు తిప్పాడు. తోటకు మందు ఆగకుండా తన బ్యాటరీ ఒకటి జైసింగ్‌కు ఇచ్చాడనుకోండి. అయినా నాకు ఒళ్లు మండింది.

"ఏందన్నా, పిల్లను గిట్ల సతాయిస్తున్నవు?"

"బ్యాటరీ మొదటి దినమే బాగైంది. కొనలకు తెల్లగ పొడి పట్టింది, గీకిన, అయిపాయె. పరీక్ష అయ్యేదాక నువ్వు నోరు మూసుకో."

నాకు సిగ్గేసింది. మర్నాటి నుంచి పాత ప్రశ్నపత్రాలు జిరాక్స్ తీసి ఇచ్చే పని నాది.

అఖిల పాసైంది. జైసింగ్ స్వీటు డబ్బాతో వచ్చాడు. అన్న అలవాటుగా బ్యాటరీని గట్టిగా పట్టుకున్నాడు.

"ఛార్జింగ్ పెట్టినప్పుడు ఆనోడ్ ఏది?"

"పాజిటివ్. ఆక్సీకరణ గాడనే అయితది" అన్నాడు జైసింగ్. "మా పిల్ల రోజు ఇంట్ల చదువుతుంటె ఇన్న."

అన్న బ్యాటరీ వదిలేశాడు. జైసింగ్ సంచిలోంచి మరో బ్యాటరీ తీసి బల్ల మీద పెట్టాడు. అట్ట కూడా విప్పని కొత్త బ్యాటరీ.

"దీనికేమైంది?"

"ఇది గూడ ఖరాబైందన్న. మా చిన్నది సైన్స్‌ల జర ఎనక పడ్డది."

అన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"శాన దినాలు పట్టేటట్టున్నది. రోజు పంపు."