రెండు సన్న సిగార్లు, నాలుగు వేల కోడిపిల్లలు

జీవితంలో నేను సిగార్లు కాల్చింది ఒక్కసారే. ఆ ఒక్కసారీ రెండు, అవీ పంచుకుని. మిగతా వంతు కాల్చినవాడు కోడిపిల్లల వ్యాను డ్రైవరు.

విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కు వచ్చాక మూడో ఎండాకాలం అది. విమానాల్లో సరుకు పంపించే ఒక చిన్న ఏజెంటు దగ్గర పనిచేసేవాణ్ణి. కాగితాలు రాయడం, విమానంలో చోటు బుక్ చేయడం, సరుకు లోపలికి వెళ్లేదాకా కార్గో గేటు దగ్గర కాపలా కాయడం నా పని. మందులు, మామిడిపళ్లు, మిషన్ల విడిభాగాలు వెళ్లేవి. వారానికొకసారి కోడిపిల్లలు. కొత్తూరు అవతల ఒక హేచరీలో గుడ్లు పొదిగించి, పుట్టిన రోజే పిల్లల్ని గాలి కన్నాలున్న అట్టపెట్టెల్లో సర్ది పంపేవారు. ఒక్కో పెట్టెలో అట్ట అడ్డాలతో నాలుగు గదులు, మొత్తం వంద పిల్లలు. పుట్టిన రెండు రోజుల దాకా తిండీ నీళ్లూ లేకపోయినా అవి బతుకుతాయి. ఎండకు మాత్రం తట్టుకోలేవు.

వాటిని తెచ్చే డ్రైవరును అందరం కాకా అనేవాళ్లం. అరవై దగ్గరపడ్డ మనిషి, ఇల్లు మైలార్‌దేవ్‌పల్లిలో. చిన్నప్పటి నుంచి చుట్ట అలవాటు. హేచరీలో చేరాక పిల్లలకు పొగ పడదని పగటిపూట మానేశాడు.

ఆ రోజు తొమ్మిదింటికి కాకా నలభై పెట్టెలతో వచ్చాడు. కౌంటరులో కాగితాలు ఇస్తే అక్కడి అమ్మాయి నా మొహంలోకి చూసింది.

"ఈ ఫ్లైటు టైము మార్చారు కదండీ. మూడున్నరకి. నిన్న సాయంత్రమే మెసేజ్ పంపాం."

ఫోను తీసి చూశాను. మెసేజ్ ఉంది. నిన్న నేను చూసిన మెసేజే. మామిడిపళ్లు వెళ్లే విమానం గురించి అనుకుని పక్కన పడేశాను. మూడున్నరంటే ఇంకా ఆరున్నర గంటలు. బయట మే నెల ఎండ. లోపల చల్లగది ఉందిగానీ అందులో మందుల పెట్టెలున్నాయి, ప్రాణమున్న సరుకును రానివ్వరు. వెనక్కి హేచరీకి పంపిద్దామంటే దారిలో లారీల రద్దీ, మళ్లీ తిరుగు ప్రయాణం. రెండుసార్లు ఆ వేడిలో తిప్పడం కన్నా నీడ చూసుకోవడమే మేలు.

బయటికి వచ్చి కాకాతో, "ఫ్లైటు లేటు కాకా, మూడున్నరకట," అన్నాను. ఎవరి వల్ల ఇలా అయిందో చెప్పలేదు.

కాకా నా వైపు చూడకుండా వెనక్కి తిరిగాడు. వ్యాను తలుపు తెరిచి ఒక పెట్టెకు చెవి ఆనించాడు.

"కూత బాగలేదు బిడ్డా. సన్నగ గొణుగుతుంటే మంచిగున్నట్టు. గిట్ల గొంతు చించుకుంటుంటే పరేషానున్నట్టు. జల్ది ఏదన్న సూడాలె."

దారి చూపింది కూడా ఆయనే. బెంగళూరు రోడ్డు మీద ఒక ఫంక్షన్ హాలుంది. దాన్ని చూసుకునే ఆవిడ కాకాకు తెలుసు. మేం వెళ్లేసరికి ఆవిడ హాలు ఊడుస్తోంది. సంగతి విని చీపురు అక్కడే పెట్టి, వ్యానులోకి తొంగిచూసింది.

"సాయంత్రం పెండ్లోళ్లొస్తరన్నా. రెండున్నరకల్ల ఖాళీ చేస్తవా?"

"రెండింటికే లేస్తమక్కా. ఒక్క రెట్ట కనబడ్తే నన్నడుగు."

పెళ్లివేదిక ముందు, తెల్లగుడ్డలు తొడిగిన కుర్చీల మధ్య, నలభై పెట్టెలూ ఎడంగా పరిచాం. ఆవిడ పెద్ద కూలర్లు రెండూ నీళ్లు పోసి ఆన్ చేసింది. కాకా ఎదురుగా కొట్టు నుంచి పుచ్చకాయలు తెచ్చాడు. పిల్లల ఒంట్లో తడి ఆరకుండా కండను సన్నగా తరిగి ఒక్కో గదిలో చిటికెడు చొప్పున వేశాం. నాలుగు వేల పిల్లల అరుపు ఆ ఖాళీ హాల్లో మారుమోగుతోంది. కొన్ని నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. నేను పెట్టె నుంచి పెట్టెకు మోకాళ్ల మీద పాకుతూ మూతలు ఎత్తి చూస్తున్నాను. పొద్దుటి నుంచి ఆరు చచ్చిపోయాయి. ఆ ఆరింటినీ నా చేత్తోనే తీశాను.

పన్నెండు దాటాక అరుపు మెల్లమెల్లగా తగ్గింది. భయపడి కాకా వైపు చూశాను. ఆయన కళ్లు మూసుకుని వింటున్నాడు.

"ఇగ మంచిగున్నయ్," అన్నాడు. "పండుకుంటున్నయ్."

రెండింటికి హాలు ఖాళీ చేశాం. ఆవిడ నేలంతా తిరిగి చూసి తలుపు వేసుకుంది. పెట్టెలు గేటు దాటాయి. మూడున్నరకు లేవాల్సిన విమానం నాలుగింటికి లేచింది. కార్గో రోడ్డు మీద నిలబడి అది మబ్బుల్లోకి వెళ్లేదాకా చూశాం. భువనేశ్వర్‌లో దిగి, అక్కడివాళ్లు పెట్టెలు విప్పి ఫోను చేసేదాకా నేను ఇంటికి పోలేను. కాకా కూడా ఇంటికి పోలేదు. ఇద్దరం హైవే పక్కన టీకొట్టు బల్ల మీద కూర్చున్నాం.

ఆరింటికి ఫోను వచ్చింది. అవతలి మనిషి తాపీగా చెప్పాడు. పిల్లలు హుషారుగా ఉన్నాయట, నీళ్లు పెట్టగానే తాగుతున్నాయట. దారిలో పోయినవి అయిదు.

"అయిదు వందలా?" అన్నాను.

"అయిదండీ. అయిదే."

కాకాకు చెప్పాను. ఆయన రెండు చేతులతో మొహం తుడుచుకుని, బల్ల మీద వెనక్కి వాలి, "అమ్మయ్య," అన్నాడు. నాకైతే నవ్వు ఆగలేదు. ఎందుకు నవ్వుతున్నానో నాకే తెలియదు.

అప్పుడు గుర్తొచ్చాయి సిగార్లు. మామిడిపళ్లు ఎగుమతి చేసే ఒకాయన విదేశం నుంచి వస్తూ రెండు రకాలవి ఒక్కొక్కటి తెచ్చి, ఏది బాగుందో చెప్పమని నా చేతిలో పెట్టాడు. వారం రోజులుగా బండి డిక్కీలోనే పడున్నాయి. చిటికెనవేలంత లావు, జానెడు పొడుగు. ఒకటి లేత గోధుమరంగు, ఒకటి కాఫీగింజ రంగు.

కాకా రెంటినీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "గిదేంది, సిగరెట్టా చుట్టా?"

"సిగారు కాకా. మనం చెరొకటి కాల్చి, సగంలో మార్చుకుందాం."

లేత రంగుది ఆయనకిచ్చి, నల్లది నేను ముట్టించాను. సిగరెట్టులాగే గట్టిగా లోపలికి లాగాను. గొంతులో కారం కొట్టినట్టయి, కళ్ల వెంట నీళ్లు కారేదాకా దగ్గాను.

"మింగకు బిడ్డా! నోట్లనే తిప్పి ఇడువు. గిది ఊపిరితిత్తులకు కాదు, నాలికెకు."

ఆయన చెప్పినట్టు చేస్తే రుచి తెలిసింది. మొదట బొగ్గుల మీద కాస్త మాడిన మక్కకంకి. తర్వాత కాఫీ డికాక్షన్ అడుగున మిగిలే చేదు. పొగ వదిలాక నాలుక చివర మిరియం నలిగినట్టు చిన్న మంట, అది చాలాసేపు పోలేదు.

"నీదెట్లున్నది కాకా?"

కాకా తొందరపడలేదు. ఇంకో రెండు పీల్పులు పీల్చి, పొగను చూస్తూ చెప్పాడు. "చాయ్‌ల ముంచిన ఉస్మానియా బిస్కెట్ లెక్కున్నది. పెదవులకు తియ్యగ అంటుతున్నది. ఎనక నుంచి కొత్త చెప్పుల వాసనొస్తున్నది."

"చెప్పులు బాగుంటాయా?"

"కొత్త చెప్పులు ఎవలకు బాగుండయ్?"

సగం అయ్యాక నీళ్లు పుక్కిలించి మార్చుకున్నాం. లేత రంగుది నాకు మొదట బాగానే ఉంది, పాలకోవా మరిగేటప్పటి కమ్మదనం. కానీ ఆ తీపి పైపైనే. నాలుగు పీల్పులయ్యేసరికి అది తగ్గి, ఎండుగడ్డి, కాలిన కాగితం మిగిలాయి. నల్లది అలా కాదు, కాలేకొద్దీ చిక్కబడింది. నాకు నల్లదే నచ్చింది. యాభై ఏళ్లు ఘాటు చుట్టలు కాల్చిన మనిషికి కూడా అదే నచ్చుతుందనుకున్నాను. కాకా తల అడ్డంగా ఊపాడు.

"నల్లది మా బాపు చుట్ట లెక్కనే ఉన్నది. గది నాకు తెల్సిందే గద. గీ తియ్యటిది ఎన్నడు సూడలె. నాకిదే కావాలె, ఇటియ్యి."

మళ్లీ మార్చుకున్నాం. నల్లది వేళ్లు కాలేదాకా కాల్చాను. చివరికి అది మాడిన బెల్లంపాకంలా అయింది, చేదులోనే ఒక తీపి. ఎదురుగా పొద్దు దిగుతోంది. పొద్దుటి నుంచి బిగుసుకున్న భుజాలు అప్పుడు వదులయ్యాయి. ఆ హాయిలోనే నోరు జారింది.

"కాకా, తప్పు నాదే. టైము మారిందని నిన్ననే మెసేజ్ వచ్చింది. వేరే ఫ్లైటనుకుని వదిలేశాను. పొద్దున నీకు చెప్పలేకపోయాను."

కాకా సిగారు నోట్లోంచి తీసి నా వైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను.

"నిజంగనా? నేను పొద్దుగాల సంది నాదే తప్పనుకుంటున్న. మా హేచరీ మేనేజర్ సారు రాత్రి చెప్పిండు, బయలెల్లే ముంగట నీకొక్కసారి ఫోన్ చేసి అడగమని. మర్సిన. నువ్వు ఫ్లైటు లేటనంగనే నా పాణం పోయింది. నువ్వేమన్న అడుగుతవేమోనని నీ దిక్కు సూడనే లేదు."

ఇద్దరం రోజంతా ఒకరి నుంచి ఒకరం దాక్కుంటూ ఆ హాల్లో పాకామన్నమాట. కాకా పొట్ట పట్టుకుని నవ్వాడు.

మేనేజరుకు అక్కడినుంచే ఫోను చేశాం. ముందు నేను చెప్పాను, తర్వాత కాకా చెప్పాడు. ఆయన ఇద్దర్నీ కలిపి కాసేపు తిట్టి, ఆఖరికి, "మొత్తం పదకొండే పోయినయా? మామూలు రోజుల్ల ఇంతకంటె ఎక్కువే పోతయ్ గద," అన్నాడు. ఆ మాటతో మిగిలిన కాస్త బరువూ దిగిపోయింది.

కాకా వ్యాను ఎక్కి మైలార్‌దేవ్‌పల్లి వైపు వెళ్లిపోయాడు. నేను ఇల్లు చేరి, అన్నం తిని, ఆరుబయట మంచం వాల్చుకున్నాను. నా భార్య వచ్చి పక్కన కూర్చుని, ఇంత ఆలస్యమెందుకైందని అడిగింది. మొదలుపెట్టాననే గుర్తుంది. ఫంక్షన్ హాలు దాకా చెప్పి నిద్రపోయానని మర్నాడు ఆమే చెప్పింది.